చప్పుడు చేయని బాస్కెట్‌బాల్

మా చిన్నతనంలో సూరత్ మధ్యాహ్నాలన్నీ గుసగుసల్లోనే గడిచేవి... మా బిల్డింగులో అంతా తెలంగాణ నుంచి వలస వచ్చినవాళ్లమే; మా బాపుతో సహా అందరి నాన్నలదీ రాత్రి పాళీయే. రాత్రంతా మరమగ్గాల హోరులో నిలబడి వచ్చి, పగలు పడుకునేవారు.

మా చిన్న బడికి మైదానం లేదు. పీటీ సార్ ఆటలన్నీ నోటితోనే నేర్పేవారు. బాస్కెట్‌బాల్ ఎలా పుట్టిందో ఒకరోజు చెప్పారు. అమెరికాలో చలికాలమట... బయట మంచు, లోపల విసుగెత్తిన కుర్రాళ్లు. వాళ్ల మాస్టారు రెండు పండ్ల బుట్టలు తెప్పించి పైన మేకులతో కొట్టించాడట. బంతితో పరుగెత్తకూడదు, అందుకున్న చోటి నుంచే విసరాలి. బుట్టకు అడుగు ఉండేది కాబట్టి, బంతి పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు నిచ్చెనెక్కి తీయాలి...

నాకు ఒక్కటే అర్థమైంది. బంతిని నేలకు కొట్టక్కర్లేని ఈ ఆటకు చప్పుడు లేదు.

మర్నాడే డాబా మీద నీళ్ల పైపుకు దారం బాబిన్లు వేసే బుట్ట కట్టాం. నేను, పక్కగది లావణ్య, ఇంకొందరు ఆడపిల్లలం. అడుగు కోయబోతే లావణ్య వాళ్లమ్మ పట్టుకుంది. "బుట్ట సేటుది బిడ్డా. రేపు ఆయనకు నువ్వు జవాబు చెప్తవా?"

సరే, స్టూలెక్కే తీసేవాళ్లం. బంతి నేల తాకితే ఔట్. తాకిందంటే కింద నుంచి బాపు గొంతు... "ఏందే గది? జర పండనియ్యిన్రి."

తర్వాత నన్ను పెద్ద బడిలో చేర్చారు గానీ, చీరలకు రాళ్లంటించే పనిలో నన్ను పెట్టాలనే అమ్మ మనసులో ఉంది. మా ఇంట్లో అంతవరకు ఎవరూ చదవలేదు మరి. బడి జట్టులో ఉన్న పిల్లను మాన్పించనివ్వరని ఎవరో అన్నారు. ఆ ఆశతోనే ఎంపికలకు పేరిచ్చాను.

అక్కడ అందరూ బంతిని నేలకు కొడుతూ పరుగెత్తుతున్నారు. నా చేతికి రాగానే నేను ఆగిపోయాను, ఎవరికి విసరాలా అని చూస్తూ... "స్టాచ్యూ, స్టాచ్యూ" అని నవ్వారు. నన్ను తీసుకోలేదు.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే బాపు నిద్ర లేచాడు. సంగతంతా విని లేచి కూచున్నాడు.

"రాత్రంత మగ్గాల నడుమ నిలవడేటోన్ని. గీ బాల్ చప్పుడు నాకో లెక్కనా? రేపటి సంది నేలకు కొట్టుకోన్రి," అన్నాడు.

మరుసటి ఏడు జట్టులోకి వచ్చాను. బడి ఆగలేదు.

ఇప్పుడు ఆ బడిలోనే పాఠాలు చెబుతున్నాను... ఫోన్‌లో. కరోనాతో గేటుకు తాళం పడింది, ఈ ఏడూ ఎంపికలు లేవు. నా తరగతిలో ఇద్దరు ఆడపిల్లలు చీరల పనిలో చేరిపోయారు. ఫోన్ చేస్తే "ఇప్పుడు కాదు మేడం, సరుకు ఇవ్వాలె" అంటున్నారు. నిజం చెప్పాలంటే అలసిపోయాను...

చిన్నప్పుడు మిమ్మల్ని బడిలో నిలిపింది ఏమిటి? ఎవరైనా రాయండి. ఆ పిల్లలను ఏం చెప్పి వెనక్కి పిలవాలో నాకు తోచడం లేదు.