ఏ వలతో పట్టినవ్?

కోదాడలో బేరమాడి సగం ధరకే వల కొన్న మొనగాణ్ణి నేను. నిడమనూరులోని మా చేపల చెరువులో లాగితే, చేపపిల్లలు తినే సన్న పురుగు ఒక్కటీ పడలేదు. మేత లేదనుకుని, చేపపిల్లలను అగ్గువకు అమ్మేద్దామని, చెరువు ఎండగట్టడానికి నీళ్లు తోడే ఇంజను మాట్లాడాను.

సంగతి విని, మిర్యాలగూడలో నాకు జువాలజీ చెప్పిన మేడం వచ్చారు. ఒకప్పుడు ఓడల మీద తిరిగి సముద్రపు పురుగులను లెక్కపెట్టినావిడ. ఎవరేం చెప్పినా ఆమెది ఒకటే ప్రశ్న: "ఏ వలతో పట్టినవ్?"

చూపించాను.

"దీంట్లకెల్లి దోమలే పోతయి గదరా! సముద్రంల గూడ గింతే. పెద్ద కండ్ల వలల సన్నయి జారిపోతయి, సన్న వల జల్ది పూడుకపోతది. రెండూ లాగి సూడాలె."

తన సన్న వల అక్కడే లాగి, పడ్డదాన్ని గ్లాసు నీళ్లలో వేసి ఎండకెత్తారు. నీళ్లనిండా చుక్కలు గంతులేస్తున్నాయి.

"సూడు, నీ పిల్లలకు పెండ్లి బువ్వ!"

చివరి లెక్క: ఇంజనుకిచ్చిన అడ్వాన్సు పోయింది, మేడం చాయ్ కూడా తాగలేదు, చేపపిల్లలు చెరువులోనే ఉన్నాయి.