స్వామి కండ్లు ఎట్లున్నయి?

శాంతయ్య పంతులును తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు కోపం వస్తుంది, తరవాత దుఃఖం వస్తుంది. కోపం మావాళ్ల మీద. దుఃఖం ఎవరి కోసమో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మాది మొయినాబాద్ పక్కన చిన్న ఊరు. నిజాం కాలం. సర్కారు బడిలో చదువంతా ఉర్దూలో సాగేది. అలిఫ్, బే, పే అని గడగడా అప్పజెప్పే మా ఊరి పిల్లలు, ప్రహ్లాదుడు ఎవరంటే మాత్రం బిక్కమొహం వేసేవాళ్లు. పురాణం చదివే ముసలాయన కాలం చేశాక, ఊళ్లో తెలుగు పుస్తకం తప్పులేకుండా చదవగలిగిన మనిషి ఒక్కడే మిగిలాడు. ఆయనే మిషన్ బడిలో పాఠాలు చెప్పే శాంతయ్య పంతులు. ఊరు అంటరానివాళ్లని వెలివేసిన వాడలో ఆయన ఇల్లు. ఆయన పసివాడుగా ఉన్నప్పుడే ఇంటిల్లిపాదీ యేసు మతంలో కలిశారు.

మా బాపు ఈశ్వరయ్య ఊరి పటేలు. పిల్లలకు దేవుళ్ల పేర్లు కూడా తెలియకుండా పోతాయని ఆయనకు ఫికరు పట్టుకుంది. ఒకరోజు పంతులును పిలిపించాడు.

"శాంతయ్యా, నువ్వు కిరస్తానపోనివి. అడుగుడు బాగుండదు గని, మా పోరగాండ్లకు జర పురాణం చెప్తవా?"

"కథ చెప్పుటానికేమున్నది పటేలా. చెప్త," అన్నాడాయన.

అట్లా సాయంత్రం పూట మా వాకిట్లో కథలు మొదలయ్యాయి. మేము అరుగు మీద, పంతులు కింద గోనెపట్టా మీద. కథలు గడప దాటి వంటింటి దాకా వెళ్లేవి. చెప్పే మనిషి మాత్రం వాకిలి దాటకూడదు. మా అమ్మ ప్రహ్లాదుని కథ విని కళ్లు ఒత్తుకుని, ఆ తడి కళ్లతోనే ఆయన దోసిట్లో ఎత్తు నుంచి నీళ్లు పోసేది. అప్పుడు నాకది వింతగా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

కథ చెప్పడంలో ఆయన తరవాతే ఎవరైనా. పందిరి గుంజను చూపించి "దీంట్ల ఉన్నడార నీ హరి?" అని ఉరిమితే, కొట్టంలో ఎద్దులు కూడా తలెత్తి చూసేవి. మా తమ్ముడు యాదయ్య అప్పటికి బుడ్డోడు. వాడు ఆ గుంజ పక్క నుంచి నడవడమే మానేశాడు. బువ్వకు పిలిచినా చుట్టూ తిరిగి వచ్చేవాడు.

చెవులతో విన్నది కళ్లతో చూడాలని పంతులు పట్టుదల. ఏటా జాతర సందడి తగ్గాక, చేవెళ్ల అవతల గుట్ట మీదున్న నరసింహస్వామి గుడికి మమ్మల్ని తీసుకుపోయేవాడు. తీసుకుపోవడమంటే మేము బండిలో, ఆయన బండి వెనక నడుస్తూ. గుట్ట కింద ఒక పెద్ద రాయి ఉండేది. దాని మీద కూర్చుని, ధ్వజస్తంభం ఎందుకు నిలబెడతారో, ద్వారపాలకులు ఎవరో, ప్రదక్షిణ ఎట్లా చేయాలో చెప్పేవాడు.

"గర్భగుడిల చీకటెందుకు పంతులూ?" అని నేనొకసారి అడిగాను.

"అమ్మ కడుపుల వెలుతురుంటదా పద్మమ్మా?" అన్నాడు.

ఆయన ఆ గుడిలో అడుగుపెట్టింది లేదు. పుస్తకాల్లో చదివిందీ, వాళ్లనీ వీళ్లనీ అడిగి తెలుసుకున్నదీ మాకు చెప్పేవాడు. "ఇగ పోండ్రి. వచ్చినంక అడుగుత," అని మమ్మల్ని మెట్ల మీదికి పంపి, తను రాయి మీదే ఉండిపోయేవాడు.

దిగి వచ్చాక పరీక్ష. ఏమడిగినా, చివరికి మాత్రం అందరికీ ఒకటే ప్రశ్న.

"స్వామి కండ్లు ఎట్లున్నయి?"

గుడ్లురిమి చూస్తున్నాడని ఒకడు అనేవాడు. కాదు నవ్వుతున్నాడని ఇంకొకడు. నేను "మీసాలు పెద్దగున్నయి పంతులూ" అన్నాను.

"నిన్ను మీసాలడిగిన్నా?"

అందరూ నవ్వారు. యాదయ్య నా వెనక నుంచి తొంగిచూసి, "తలుపు దిక్కు చూస్తుండు," అన్నాడు. ఈసారి నేను పగలబడి నవ్వాను. దేవుడు తలుపు వైపు చూడక గోడ వైపు చూస్తాడా! పంతులు మాత్రం నవ్వలేదు. వాడి తల నిమిరి, గుట్ట పైకి చూస్తూ ఉండిపోయాడు.

ఆ ప్రశ్న పాఠం కోసం కాదని నాకు నాట్ల కాలంలో తెలిసింది. పంతులు తల్లి బీరమ్మ మా పొలంలో నాటు వేసేది. ఆదివారం ప్రార్థనలో అందరికంటే గట్టిగా యేసు పాట పాడే మనిషి, మడిలో దిగితే మాత్రం నరసింహుని పాట ఎత్తుకునేది. నేను అమ్మతో కలిసి సద్ది తీసుకువెళ్లిన రోజున, చేతిలో నారు పట్టుకునే ఒడ్డు దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, గుట్టకు పోయిన్రట గద. ఆయన కండ్లు సక్కగ చూసినవా?"

"మీకు యేసయ్య ఉన్నడు గద అవ్వా?"

"ఎందుకు లేడు? యేసయ్య రమ్మన్నడు, పోయిన. ఈయన కాడికే పోనియ్యలే. చిన్నప్పుడు గుట్ట కింద పేడ ఎత్తుతుంటే, మీదికి రాకు, మీ అసుంటోళ్లు కనవడ్తే స్వామి చూపుకు కాలి బూడిదైతరు అన్నరు. మేమేం చేసినమని గంత కోపం? ఒక్కసారి ఆ కండ్లు చూడాలె బిడ్డా. చూడంది మనుసులకెల్లి పోతలేదు."

మరుసటి ఏడు నేను మీసాల జోలికి పోలేదు. కళ్లే చూశాను. కానీ స్వామికి వెండి కళ్లు తొడిగారు, దీపం వెలుగుకు అవి తళతళలాడటం తప్ప ఏమీ కనిపించలేదు. వచ్చి బీరమ్మకు అదే చెప్పాను.

"వెండి కండ్లల్ల కోపమెట్ల కనవడ్తది బిడ్డా? రాతి కండ్లు చూడాలె," అని మళ్లీ నాటులోకి వంగింది.

వెండి కళ్లు అభిషేకం పూట మాత్రమే తీస్తారట. బీరమ్మనే పైకి తీసుకుపొమ్మని బాపు వెంట పడ్డాను. ఆయన తుండు దులిపి భుజాన వేసుకుని, "ఊరు ఊకుంటదా బిడ్డా?" అన్నాడు. మా బాపు చెడ్డవాడు కాదు. ఊరు ఆయనకు భయపడేది, ఆయన ఊరికి భయపడేవాడు.

నాకు పెళ్లయి చేవెళ్లకు వచ్చాను. మా అత్తగారింటి పెరట్లో నిలబడితే ఆ గుట్ట కనిపించేది. చూసినప్పుడల్లా బీరమ్మ గుర్తొచ్చేది. పంతులు కొత్త పిల్లల్ని తీసుకుని ఏటా ఆ దారినే వచ్చేవాడు. అత్త కంట పడకుండా నీళ్ల చెంబు ఆయన చేతికే ఇచ్చేదాన్ని.

"అవ్వ ఎట్లున్నది పంతులూ?"

"అడుగుతనే ఉన్నది," అనేవాడు.

తరవాత రజాకార్ల గడబిడ. బండ్లు ఆగిపోయాయి, కథలూ ఆగిపోయాయి. ఆ వానాకాలంలోనే బీరమ్మ జ్వరమొచ్చి పోయింది. వాళ్ల పద్ధతిలో పెట్టెలో పెట్టి, ప్రార్థన చేసి మట్టి చేశారు. ఆఖరు రోజున కూడా కొడుకును దగ్గరికి పిలిచి, "పిల్లలు ఏమన్నరు కొడకా, కోపమేనా?" అని అడిగిందట.

నిజాం రాజ్యం పోయింది. మరుసటి ఏడు, గుట్ట మీది గుడికి ఎవరైనా రావచ్చని చుట్టుపక్కల పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు. అందులో మా బాపు కూడా ఉన్నాడు. ఆ తెల్లారే పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన పంతులు ఇంటికి నడిచి వెళ్లాడు.

"శాంతయ్యా, గుడి తెరిసిన్రు. పోదాం పా."

"పోవాల్సిన మనిషి పోయింది పటేలా. నా దేవుడు నాకున్నడు."

బాపు అక్కడి నుంచి కదలలేదు. "ఆమె అడిగింది నువ్వన్న చూసి రా. నాకు నిద్ర పడ్తలేదు," అన్నాడు.

అభిషేకం రోజు చూసుకుని బండి కట్టారు. పంతులు ఈసారి బాపు పక్కన కూర్చుని వచ్చాడు. చేవెళ్లలో నేనూ ఎక్కాను. గుట్ట దగ్గర బాపుకు మోకాళ్లు సహకరించలేదు. ఆయనకు తోడుగా నేను రాయి దగ్గరే ఉన్నాను. పంతులు ఒక్కడే చెప్పులు విడిచి మెట్లెక్కాడు.

చాలాసేపటికి దిగి వచ్చాడు. నుదుట బొట్టు లేదు, చేతిలో ప్రసాదం లేదు. వచ్చి తన రాయి మీదే కూర్చున్నాడు. అడగకుండా ఉండటం నా వల్ల కాలేదు.

"స్వామి కండ్లు ఎట్లున్నయి పంతులూ?"

"కోపం లేదు పద్మమ్మా. ఎంత చూసినా లేదు," అన్నాడు. "మనందరిల సక్కగ చూసింది మీ యాదయ్యే. తలుపు దిక్కే చూస్తుండు. ఎవరో వస్తరని చూసి చూసి అలిసిపోయినట్లున్నయి కండ్లు," అన్నాడు.

తల వంచుకున్నాడు.

"మా అవ్వ కోసమే."

బాపు తుండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పొద్దెక్కుతున్నా, ఎద్దులను కట్టడానికి మాలో ఎవరమూ లేవలేదు.