తోకచుక్క చెప్పిన గాలి

మొన్న ఒక సాయంత్రం, పొద్దు గుంకగానే, నల్లపాడులో మా వీధివాళ్ళంతా డాబాలెక్కి పడమటి వైపు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. తోకచుక్క వచ్చిందట. పట్నం దీపాల వెలుగులో నా కంటికి అది ఆనలేదు గాని, పక్కింటి అమ్మాయి తన ఫోనులో చూపించింది. ఆ పల్చటి తెల్లని గీత చూడగానే మా అత్తగారూ, ఆవిడ మిరపకల్లమూ కళ్ళ ముందు మెదిలాయి.

కనిగిరి వైపు మెట్ట ఊరి నుంచి ఈ మిరపచేల మధ్యకి నేను కాపురానికొచ్చిన తొలి ఏడాది అది. మామగారు అప్పటికే పోయారు, మావారికి పత్తిమిల్లులో రాత్రి పని, సేద్యమంతా అత్తగారి చేతి మీదే నడిచేది. కోసిన కాయ కల్లంలో ఎర్రగా పరుచుకుని ఎండుతుంటే కాపలాకి మేమిద్దరమే అక్కడ పడుకునేవాళ్ళం. తెల్లవారుజామున ఘాటు వాసనకి మెలకువ వచ్చి కళ్ళు తెరిస్తే తూర్పున తోకచుక్క! మొదట్లో మసక మరకలా ఉన్నది, సూర్యుడికి దగ్గరయ్యే కొద్దీ తల మెరుపెక్కి, తోక పొడుగు సాగింది. మంచూ దుమ్మూ కలిసిన ముద్దకి వేడి తగిలి ఆవిరై చిమ్మేదే ఆ తోక అని బడిలో చదువుకున్నాను. నిద్రమత్తులో దాన్ని చూస్తూ ఎంతసేపైనా అలా ఉండిపోయేదాన్ని.

అత్తగారు దాన్ని వేరేగా చూశారు. పొయ్యి పొగ ఎటు వాలిందో చూసి గాలి చెప్పే మనిషి ఆవిడ. తోక పడమటికి వాలింది కాబట్టి పైన తూర్పు నుంచి సముద్రపు గాలి మొదలైందనీ, వెనకే వాన ఉందనీ తేల్చేసి, సగమే ఎండిన కాయని కుప్ప పోసి పట్టాలు కప్పమన్నారు. అలా కప్పితే కాయ లోపల ఉమ్మగిలిపోతుందని నా భయం.

"తోక గాలికి వాలదండీ అత్తయ్యా, ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపుకే ఉంటుంది" అన్నాను, కొత్తకోడలి బిడియం చంపుకుని.

"ఈ మిరప నేను పండించానా, మీ సూర్యుడు పండించాడా? ఎత్తండ్రా!" అని కూలీల మీద కేకేశారు.

మబ్బుతునక కూడా రాలేదు. పట్టాలు తీసేసరికి లోపలి కాయ రంగు పోయి తాలైపోయింది. ఏడాది కష్టం! ఆవిడ అన్నానికైనా లేవకుండా ఎండలో కూర్చుని తాలుకాయలు ఏరుతూనే ఉన్నారు. నా మాటే నిజమైందన్న సంతోషం నాకు ఆవగింజంతైనా లేదు, ఏడుపొచ్చింది.

తరవాత ఆ చుక్క సూర్యుడి వెలుగులో కలిసిపోయి, కొన్నాళ్ళకి సాయంత్రంపూట పడమట తేలింది. ఊళ్ళో అందరూ ఇంకోటి వచ్చిందన్నారు. ఈసారి తోక తూర్పుకి ఉంది. అప్పుడు నిజంగానే సముద్రపు గాలి తోలుతోంది, అత్తగారి పైటచెంగు పడమటికి ఎగురుతోంది. ఆవిడ చెంగునీ చుక్కనీ మార్చి మార్చి చూశారు. చూసి, కూలీలందరి ఎదుటా నా పక్కన చతికిలబడి, "అమ్మాయ్, ఆ రోజేదో చెప్పబోయావే, మళ్ళీ చెప్పు. ఇప్పుడు వింటా" అన్నారు.

చెప్పాను. తోకని తోలేది సూర్యుడేననీ, తిరిగి వెళ్ళేటప్పుడు తోకే ముందు నడుస్తుందనీ, దూరమయ్యే కొద్దీ తోక మాసిపోయి ఉత్త ముద్ద మిగులుతుందనీ, వచ్చిన ప్రతిసారీ ఆ ముద్ద కొంత తరుగుతుందనీ.

"అంత పోగొట్టుకుని కూడా మళ్ళీ వస్తుందంటావా!" అన్నారు, ముచ్చటపడుతూ. వానలు పడగానే ఆవిడ మళ్ళీ మిరపనారే పోయించారు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు వాన కబురు ఫోనే చెబుతోంది, ఆకాశం వంక చూసి అంచనా కట్టేవాళ్ళూ లేరు, పొరపడేవాళ్ళూ లేరు. మా కోడలు ఏదైనా చెప్పబోతే "నాకు తెలుసులేమ్మా" అనేస్తుంటాను, మన ఈడువాళ్ళందరికీ ఉన్న అలవాటే. అంత నష్టపోయి కూడా, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల పక్కన నలుగురిలో కూర్చుని చెప్పమనడం ఆవిడకి చేతనైంది. నాకింకా చేతకాలేదు.