అయ్యవారు జరిపిన రాట్నం

మా వీధి తిప్పేస్వామి అయ్యవారికి ఉన్నది ఒకటే జబ్బు. కంటబడిన వస్తువునల్లా కాస్త పక్కకు జరుపుతాడు. జరిపి, రెండడుగులు వెనక్కి వేసి, కళ్లజోడు పైకి తోసుకుని అడుగుతాడు: "ఏమన్నా మారిందా?"

కాపురం ధర్మవరంలో, లెక్కల పాఠాలు పెనుకొండ బడిలో. రోజూ రైల్లో పోయి వస్తాడు. ఒకసారి పెనుకొండ స్టేషన్లో బెంచీ జరిపాడు, దాని మీద ఒక పెద్దాయన నిద్రపోతున్నాడని కూడా చూసుకోకుండా. నీడలో పడుకున్నవాడు ఎండలో లేచాడు. మధ్యాహ్నమైపోయింది, హిందూపురం బండి తప్పిపోయింది అనుకుని పట్టాల వెంట పరుగు తీశాడు పాపం.

నాది రెండో తరగతి చదువే అయినా, అడగడంలో మాత్రం ఎమ్మే. అడిగేశాను.

"ఏమప్పా అయ్యవారూ, ఎందుకీ జరుపుడు?"

"లెక్క పెద్దక్కా! ఎంత జరిపితే ఏం మార్తాదో యుద్ధం రోజుల్లో యాడో దూరదేశంలో పండితులు తేల్చినారు. ఆ కాగితాలు బెంగుళూరు నుంచి తెప్పించుకొన్యా." వీధిలో నేతవాళ్లు సాగదీసి కట్టిన పడుగు చూపించాడు. "దానికి అంతులేనన్ని పోగులుండాయనుకో. గాలికి ఒక్కోటీ దాని ఇష్టం వచ్చినట్ల ఊగుతాండాది. అన్నిట్నీ జానెడు జానెడు జరిపితే?"

"నేసేవాడు కొడతాడు."

"పాత పడుగుకూ దీనికీ పొత్తే ఉండదు! అదే, మొదటిది జానెడు, రెండోది అందులో సగం, మూడోది దాంట్లో సగం, అట్ల తగ్గించుకుంటా పోతే? జరపకముందు కానిది ఇప్పుడూ కాదు, ముందు అయ్యేది ఇప్పుడూ అయితాది. యాది ఎక్కువసార్లు, యాది తక్కువసార్లు అనేదే మార్తాది."

"అంటే మారీ మారనట్లనా?"

"అంతే! మా హెడ్మాస్టరుకు ఈపాటి గూడా ఎక్కలే!"

నాకూ ఎక్కలేదు. అయినా నాలుగు రోజులు వీధిలో తల ఎత్తుకు తిరిగాను.

అప్పుడే మా పక్కింటి ఉలిగమ్మకు కష్టం వచ్చింది. మొగుడు పోయాక రాట్నం మీద పట్టు కండెలు చుట్టుకుని బతుకుతోంది. చూపు మందగించి పోగులు తెగుతున్నాయి. ఈ నెల కూడా తెగితే పట్టు ఇంకొకరికి ఇస్తానని సావుకారు తేల్చి చెప్పాడు. కిటికీ వెలుతురేమో ఆమె కూర్చునే చోటికి మూరెడు అవతలే ఆగిపోతుంది.

"రోంత వెలుతురులోకి జరగరాదా?" అన్నాను.

"మా ఆయప్ప మగ్గం పక్కన ముప్పై ఏండ్లుగా కూసున్న తావు ఇది. వేలెడు గూడా జరగను!"

అలాంటి ఇంటికి మన అయ్యవారు పలకరించే వంకతో రోజూ పోయి వస్తున్నాడు. "ఆయమ్మ రాట్నం ముట్టుకుంటే నీ చెయ్యి ఇరుస్తా!" అని అరిచాను. నవ్వుకుంటూ పోయాడు.

నెల తిరిగేసరికి ఉలిగమ్మ ఎగురుకుంటూ వచ్చింది. "పెద్దక్కా! నా కండ్లు మళ్లా వచ్చినాయి! ఒక్క పోగు తెగలే. సావుకారు రెండింతల పట్టు ఇచ్చినాడు!"

వయసు వెనక్కి నడిచే కాలం వచ్చిందేమో అనుకున్నాను. ఎందుకంటే ఈ మధ్య బావి దగ్గర ఆడవాళ్ల గుసగుసలు కూడా మా అరుగు మీదున్న నాకు ఖంగుమని వినిపిస్తున్నాయి.

అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? ఉలిగమ్మ నీళ్లకు పోయినప్పుడు ఆ ఇంట్లో దూరాను. మట్టినేల మీద రాట్నం కాళ్ల గుర్తులు వరసగా ఉన్నాయి. పాతచోటి నుంచి జానెడు, తర్వాత అందులో సగం, తర్వాత దాంట్లో సగం. చివరికి రాట్నం వెలుతురులో కూర్చుంది. దాంతోపాటే ఆమె చాపా.

అయ్యవారిని ఆయన వాకిట్లోనే నిలేశాను. "దొంగా! జరిపినావు కదా?"

"గట్టిగా అనొద్దు పెద్దక్కా. ఆయమ్మ తావు ఆయమ్మకు అట్లే ఉండాది. పోగు తెగేది తగ్గింది, అంతే."

ఎవరికీ చెప్పనని ఒట్టేసి, ఒట్టు బరువుకు కాళ్లు లాగి, మా అరుగు మీద నా పీటపై కూలబడ్డాను. బావి దగ్గర రామాంజినమ్మ కోడలి మీద చాడీలు చెబుతోంది. ఒక్క ముక్క పొల్లు పోకుండా వినబడింది. ఏదో అనుమానం వచ్చి కిందికి చూశాను.

అరుగు మట్టి మీద పీట కాళ్ల గుర్తులు. జానెడు, అందులో సగం, దాంట్లో సగం. అన్నీ బావి వైపుకే.

నాకు చెవుడని ఈయనకు ఎవరు చెప్పారు!

"అయ్యవారూ!" అని గావుకేక పెట్టాను.

ఆయన తన ఇంటి గోడ మీదుగా తల ఎత్తి, కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఏమన్నా మారిందా పెద్దక్కా?"

"ఏమీ మారలేదులే అప్పా," అంటూ పీట మీద సర్దుకుని కూర్చున్నాను. అక్కడ రామాంజినమ్మ అసలు సంగతికి వస్తోంది మరి.