పురుగుమందు లేని ప్రేమకథలు

ఆమెను నేను చూసింది అద్దంకి దగ్గర మా ఊరి శాఖా గ్రంథాలయంలో, చలికాలపు పఠన పోటీ జరిగిన రోజుల్లో మాత్రమే. పగలు మిరప కళ్లాల్లో తాలుకాయలు ఏరేది. సాయంత్రం, వేళ్ల ఘాటు పుటలకు అంటకుండా చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ప్రేమ నవలలు ఎంచుకునేది. అట్టను గానీ రచయితను గానీ చూసేది కాదు. నిలబడే చివరి పుటలు చదివి, గ్రంథపాలకుణ్ణి అడిగేది: "ఇందులో ఎవరూ పురుగుమందు తాగరు కదండీ?"

"ప్రేమన్నాక ఎవరో ఒకరు తాగుతారమ్మా!" అని ఆయన నవ్వేవాడు.

ఆమె నవ్వేది కాదు. గులాబీ రంగు పురుగు పత్తిని తినేసిన ఏడు ఆమె భర్త తాగాడు. ప్రాణం దక్కింది గానీ బతకాలన్న కోరిక తిరిగి రాలేదు. ఆమె నవల చదివి వినిపిస్తేనే అన్నం ముట్టేవాడు.

పోటీ చివరి రోజున ఎవరు చదివిన కథను వారు చెప్పాలి. ఆమె చెప్పిన కథలో నాయకుడు ఆస్పత్రి నుంచి కోలుకుని వచ్చి పెళ్లి చేసుకున్నాడు.

"అదేంటమ్మా, వాడు సగంలోనే మందు తాగి పోతాడుగా! ఆ పిల్ల చివర్లో చేసుకునేది వేరేవాణ్ణి. నువ్వసలు చదివావా?" అన్నాడు గ్రంథపాలకుడు.

"చదివానండి. ఆ చోటు వచ్చేసరికి మా ఆయన వింటున్నాడు. ఆపలేక, అప్పటికప్పుడు బతికించేశాను."

"మరి నమ్మాడా?"

"లేదండి. 'నీ గొంతు మారిందే' అని పుస్తకం లాక్కుని తనే చదువుకున్నాడు. తర్వాత నా చేతికిచ్చి, 'నువ్వు చెప్పినట్టే చదువు' అన్నాడండి."