ససేమిరా ఇంటి కారు

వాహనాల తనిఖీ కేంద్రంలో ఆయనకు అందరూ పెట్టిన పేరు ససేమిరా. ఇరవై ఏడేళ్లుగా ఒకే గొయ్యిలో నిలబడి, నెత్తి మీదికి వచ్చి ఆగిన బళ్ల కడుపులను టార్చిలైటుతో వెతుకుతూ బతికిన మనిషి. ఒక చక్రానికి బ్రేకు కాస్త తక్కువ పట్టినా, స్టీరింగులో వెంట్రుకవాసి వదులు కనిపించినా ఫెయిలని రాసేవాడు.

"ఈ ఒక్కసారికి పోనివ్వండి సార్, పుట్టి మునిగిపోదు కదా" అని ఎవరైనా బతిమాలితే, "మునిగాక చెప్పడానికి నువ్వు మళ్లీ రాలేవు కదా నాయనా" అనేవాడు. కసురుకునేవాడు కాదు. మెత్తగానే అనేవాడు గానీ మాట మార్చేవాడు కాదు.

ఆ ముక్కుసూటితనం ఆయనకు సొంత తమ్ముణ్ణి దూరం చేసింది. పదకొండేళ్ల కిందట తమ్ముడి లారీ ఆ గొయ్యి మీదికి వచ్చింది. మర్నాటి నుంచి సున్నపురాయి క్వారీలో లోడ్లు తోలే పని ఒప్పుకుని ఉన్నాడు. వెనక ఇరుసు దగ్గర ఛాసిస్ చట్రంలో వేలెడు పగులు కనిపించింది. తమ్ముడు గొయ్యి అంచున గొంతుక్కూర్చుని, "అన్నయ్యా, రెండు రోజులాగి రాద్దువు గానీ" అన్నాడు. ఆయన అప్పుడే రాసేశాడు. పని ఇంకొకరికి పోయింది. లారీ అమ్ముడైంది. అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. తమ్ముడు క్వారీ మలుపులో టైర్ల షాపు పెట్టుకున్నాడని ఎవరో చెబితే, ఆయన విననట్టే టీ తాగాడు.

ఆయన భార్య ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, నీలం రంగు చిన్న కారు కొత్తది కొనుక్కుంది. ఆయన మాత్రం డ్యూటీకి సైకిలు వదల్లేదు. అక్కడి రూలు ప్రకారం కారుకు మూడేళ్లు నిండి, మొదటి తప్పనిసరి తనిఖీకి తీసుకురమ్మని ఉత్తరం వచ్చిన రోజున ఆమె ముందే చెప్పేసింది.

"మీరు బానెట్ ఎత్తడానికి వీల్లేదండీ. అందరి బళ్లలాగే నాదీ వెళ్తుంది. పాసైతే పాస్, లేకపోతే లేదు."

ఎలాగూ సొంత ఇంటి బండిని తనిఖీ చేయకూడదని రూలు. ఆయన ఆ పూట సెలవు పెట్టి, భార్యతో పాటు కేంద్రానికి వచ్చి, జీవితంలో మొదటిసారి వెయిటింగ్ రూమ్ బెంచీ మీద కూర్చున్నాడు. అద్దానికి అవతల కారు లైనులోకి వెళ్తుంటే మోకాలు దానంతటదే ఊగింది. పక్కనున్న ముసలాయన అది చూసి, "భయపడకు బాబూ. ససేమిరా ఇవాళ సెలవట" అని ధైర్యం చెప్పాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది.

కారును చూస్తున్నది ఆయన దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి. కాసేపటికి తలుపు తీసి, "గురువుగారూ, ఒకసారి రండి" అంది. లోపం దొరికితే బండివాళ్లను పిలిచి చూపించడం అక్కడి పద్ధతి. భార్య కూడా లేచింది.

వెనక ఎడమ టైరు, లోపలి వైపున నిమ్మకాయంత ఉబ్బు. పదునైన రాయి ఏదో గట్టిగా తగిలినట్టుంది.

"కొత్త బండి, మిగతావన్నీ బంగారంలా ఉన్నాయి సార్. దీన్ని రాయమంటారా?" అని అమ్మాయి నసిగింది.

"రాయి."

"రాయేం లేదు సార్, ఉబ్బే."

"ఫెయిలని రాయి తల్లీ!"

ఉబ్బు చూడ్డానికి తీసుకున్న టార్చిని ఆయన తిరిగిస్తూ ఉండగా వెలుగు చక్రం మీది మడ్‌గార్డు లోపలికి పడింది. అక్కడ తెల్లటి సుద్దమట్టి పొరలు పొరలుగా అట్టకట్టి ఉంది. ఆ మట్టిని ఆయన నిద్రలోనైనా గుర్తుపడతాడు. చుట్టుపక్కల అది క్వారీ దారిలో తప్ప ఇంకెక్కడా లేదు. పైగా అన్ని పొరలంటే ఒక్కసారి వెళ్తే పట్టేది కాదు. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

స్టెప్నీ వేసుకుని బయటికొచ్చాక, ఇద్దరూ కారులో కూర్చున్నారు. ఆయనే అడిగాడు.

"వాడెలా ఉన్నాడు?"

ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకునే చెప్పింది. రెండేళ్ల కిందట తోటికోడలు మోకాలి ఆపరేషన్‌కి ఆసుపత్రికి వచ్చిందట. ఇంటికి తనే దిగబెట్టిందట. అప్పటినుంచి నెలకు రెండుసార్లు వెళ్తోందట.

"మీరు అడగలేదు, నేను చెప్పలేదు. జుట్టు బాగా తెల్లబడింది మా మరిదికి. అచ్చం మీలాగే తనలో తను గొణుక్కుంటాడు." తాళంచెవి తిప్పుతూ అంది. "టైరు మార్పించాలి కదా. ఎక్కడికి పోనివ్వమంటారు?"

ఆయన సీటుబెల్టు పెట్టుకున్నాడు. "నెమ్మదిగా పోనీ. ఆ దారిలో రాళ్లుంటాయి."

షాపు ముందు కారు ఆగగానే తమ్ముడు చేతులు తుడుచుకుంటూ, "రా వదినా" అంటూ వచ్చి, అవతలి తలుపు తెరుచుకోవడం చూసి నిలబడిపోయాడు. డిక్కీలోంచి టైరు తీసి, తిప్పి, ఉబ్బు మీద వేలు పెట్టాడు.

"ఫెయిల్ చేశారా? ఎవరు?"

"మీ అన్నయ్యే రాయించారు" అంది వదిన.

"నీ బండికి కూడానా?" తమ్ముడు పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, టైరు వైపే చూస్తూ, "ఆ పగులు నేనూ చూశాను అన్నయ్యా. అక్కడికి తేకముందే చూశాను. నీ కంట పడదేమోలే అనుకున్నా" అన్నాడు.

"రాసినందుకు నాకేం బాధ లేదురా" అన్నాడాయన. "ఆ సాయంత్రమే మీ ఇంటికి రావలసింది. నువ్వు తిట్టినా పడి, నీ పక్కన కూర్చోవలసింది. నేనే రాలేదు."

తమ్ముడు రిమ్ముకు కొత్త టైరు తొడిగి దొర్లించుకొచ్చాడు. ఇద్దరూ చెరోవైపు వంగి చక్రం ఎక్కించారు. నట్లు తమ్ముడు బిగిస్తుంటే, ఒక్కొక్కటీ అన్న మళ్లీ బిగించి చూశాడు. "ఇంకా నమ్మకం కుదర్లేదా?" అని తమ్ముడు విసుక్కుంటే, "అలవాటురా" అన్నాడు.

మరదలు షాపు వెనక ఇంట్లోంచి మోకాలు పట్టుకుంటూ వచ్చి, భోజనం చేయకుండా కదలనివ్వనంది. వారం తర్వాత మళ్లీ చూపిస్తే కారు పాసయింది. టైరు మార్చిన రోజు మాత్రం వాళ్లకు తనిఖీ కాగితం గుర్తేలేదు. భోజనమయ్యాక ఆయన తమ్ముడి మంచం మీద కాస్త నడుం వాల్చి, మాటల మధ్యలోనే నిద్రపోయాడు.

బయట ఎవరో లారీ ఆపి హారన్ మోగించారు. తమ్ముడు పరుగున గుమ్మంలోకి వెళ్లి, చెయ్యి ఊపుతూ గొంతు తగ్గించి అన్నాడు.

"మెల్లగానయ్యా! లోపల మా అన్నయ్య పడుకున్నాడు."