సమాకలన మంగళహారతి

ఆ రోజుల్లో అంటూ మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదని మా ఆయన ఆటపట్టిస్తారు గానీ, లెక్కల పరీక్షకు కళ్లు మూసుకుని, చేతులు జోడించి చదివిన కాలం ఒకటి నా జీవితంలో ఉందంటే, అది ఎంత దగ్గరిదైనా సరే, ‘ఆ రోజుల్లో’ కిందికే వస్తుంది. ఇప్పుడు బహ్రెయిన్‌లో, జిదాఫ్స్‌లో మా ఇంటి హాల్లో పన్నెండో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నాను. వాళ్ల చేతిలో ఫోను ఉంటుంది, ఫోనులో సూత్రాలన్నీ ఉంటాయి, వీడియోలో ఎవరో ఒకాయన విసుగు లేకుండా వాటి పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంటాడు. నాకు మాత్రం ఆ రోజుల్లో సూత్రాలు ఉన్నది ఒక్కచోటే, మా అమ్మ గొంతులో. దేవుడు నాకు బడి ఇవ్వలేదు, అమ్మనిచ్చాడు. ఎటు నుంచి చూసుకున్నా నాకే ఎక్కువ ముట్టిందనిపిస్తుంది.

నాన్న సిత్రాలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఫోర్‌మన్‌గా చేసేవారు. అమ్మనూ నన్నూ ఇక్కడికి తెచ్చుకునేసరికి బడులు సగం ఏడాది నడిచిపోయాయి, సీట్లు లేవన్నారు. “వచ్చే ఏడాది దాకా నేనే చెబుతాలే” అంది అమ్మ. ఆ వచ్చే ఏడాది మరి రానే లేదు. అమ్మ పెళ్లికి ముందు మా కాకినాడ వైపు తెలుగు మీడియంలో లెక్కలతో ఇంటర్ చదివిన మనిషి. పొద్దున్నే అరాద్‌లో ఒక బహ్రెయినీ వాళ్లింటికి వంటపనికి వెళ్లి, మూడింటికి వచ్చి, స్నానం చేసి దీపం పెట్టి, అప్పుడు నా ముందు కూర్చునేది. అలా పదో తరగతి ఓపెన్ స్కూల్లో ప్రైవేటుగా రాసి గట్టెక్కాను. ఆ ధైర్యంతో పన్నెండులో లెక్కలు తీసుకున్నాను. (ధైర్యం అని ఇప్పుడంటున్నాను. అప్పట్లో నాన్న దాన్ని వేరే మాటతో పిలిచారు.) మిగతావన్నీ పాసై లెక్కల్లో తప్పాను.

తప్పించింది సమాకలనం, పిల్లలు ఇంటెగ్రేషన్ అంటారే, అది. ఇరవై సూత్రాలు. పొద్దున్న నేర్చినవి సాయంత్రానికి ఒక్కటీ మిగిలేవి కావు. ఫ్రిజ్ మీద అంటించాను, అద్దం మీద అంటించాను, బియ్యం డబ్బా మూత మీద కూడా అంటించాను. బియ్యం తీసిన ప్రతిసారీ ఒక సూత్రం చదువుకోవాలని ఏర్పాటు. అన్నం ఉడికేది, సూత్రం ఆవిరయ్యేది. దీనికి తోడు సమాకలనం చేసిన ప్రతి జవాబు చివరా ‘ప్లస్ సీ’ అని ఒక స్థిరాంకం రాయాలి. రాయకపోతే అర మార్కు కోత. నేను దాన్ని మరిచిపోని రోజు లేదు.

నాన్న కోపిష్టి కారు, కానీ తేల్చి చెప్పారు. “చూడమ్మా, ఇంకొక్కసారి రాయి. దాటితే డిగ్రీ కట్టిస్తాను. తప్పితే పుస్తకాలు ఖలాస్. అమ్మతో పాటు నువ్వూ అరాద్ వెళ్దువుగాని, ఆ ఇంటావిడ ఇంకో మనిషి కావాలని అడుగుతూనే ఉంది.” తన పని తక్కువదని అమ్మ ఏనాడూ అనుకోలేదు, ఆ వంటింటి పొయ్యికి కూడా దణ్ణం పెట్టుకుని పని మొదలుపెట్టేది. కానీ ఆ సాయంత్రం దీపం దగ్గర మామూలు కంటే ఎక్కువసేపు కూర్చుంది.

ఆ దీపం దగ్గరే ఉపాయం తట్టిందట. హారతి నేను పాడుతున్నాను. పాట అయ్యాక నా వంక అదోలా చూసి, “ఏమే, అమ్మవారికి ఇరవై చరణాలు అక్షరం పొల్లుపోకుండా పాడతావు. ఈ ఇరవై సూత్రాలూ నీకేం అపకారం చేశాయే?” అంది. మర్నాడు పదకొండింటికి అరాద్ వంటింట్లోంచి ఫోనుకి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల కుక్కర్ ఈల, ముందు అమ్మ గుసగుస. మేము రోజూ పాడే మంగళహారతి వరసే, మాటలు మాత్రం ఇవి:

ఎక్సు ఘాతము పెంచి అంతతో భాగించి
ప్లస్ సీ అనవే తల్లీ, ప్లస్ సీ అనవే
ఒకటి బై ఎక్సొస్తే లాగు తలుపు తెరిచి
ప్లస్ సీ అనవే తల్లీ, ప్లస్ సీ అనవే
సైను కనబడగానె మైనస్ కాసు తలచి
ప్లస్ సీ అనవే తల్లీ, ప్లస్ సీ అనవే

వారం తిరిగేసరికి ఇరవై చరణాలూ పూర్తయ్యాయి. అమ్మ వంకాయలు తరుగుతూ రెండు, చేపలు వేయిస్తూ మూడు కట్టిందన్నమాట. నాకు నాలుగు రోజుల్లో నోటికొచ్చేశాయి. ఒక్కటే ఇబ్బంది. పద్నాలుగో సూత్రం కావాలంటే మొదటి నుంచి పాడుకుంటూ పద్నాలుగో దాకా రావాలి. వచ్చాక అక్కడ ఆగడానికీ వీల్లేదు. “హారతి వెలిగించాక మధ్యలో ఆపుతామా? పూర్తిచెయ్యి” అనేది అమ్మ. కాబట్టి ఒక్క సూత్రానికి ఇరవై చరణాలూ పాడేదాన్ని. ఒక లెక్కకు ఒక హారతి.

సెలవు రోజైన శుక్రవారాలు, నాన్న దగ్గర పనిచేస్తూ లేబర్ క్యాంపులో ఉండేవాళ్లు నలుగురైదుగురు మా ఇంటికి భోజనానికి వచ్చేవారు. వాళ్లలో జగిత్యాల వైపు ఆయన ఒకాయన ఉండేవాడు, పైపుల పని చేస్తాడని నేను పైపుల బాబాయి అనేదాన్ని. ఒక శుక్రవారం వాళ్లు వచ్చేసరికి నేను దేవుడి గూడు పక్కన కూర్చుని పాడుతున్నాను. చెప్పులు విడిచి, వరసగా నిలబడి, అందరూ చేతులు జోడించారు. పల్లవి వచ్చినప్పుడల్లా చప్పట్లతో ‘ప్లస్ సీ అనవే తల్లీ’ అని అందుకున్నారు. నేను చరణం పాడటం, వాళ్లు పల్లవి పాడటం. ఆపకూడదు కదా, ఇరవై చరణాలూ అలాగే సాగాయి. అయ్యాక పైపుల బాబాయి కళ్లు తుడుచుకున్నాడు.

“ఏ ఊరి అమ్మవారి పాట బిడ్డా ఇది? మస్తుగున్నది. మా దిక్కు ఇసొంటిది నేనెన్నడు ఇనలే.”

“అది లెక్కల పాట బాబాయ్. పరీక్షకి.”

ఆయన మళ్లీ చేతులు జోడించి, “అయితేంది? సదువు గూడ అమ్మవారే గదా. మల్ల వచ్చే శుక్రారం గూడ పాడు, మేం ఎనకనుంచి అందుకుంటం” అన్నాడు. అన్నట్టే ప్రతి శుక్రవారం అందుకున్నారు. మా నాన్న కూడా, పుస్తకాలు ఖలాస్ అన్న మనిషే, పప్పు వడ్డించుకుంటూ పల్లవి పాడేవారు. క్రమంగా నాకు తెలియకుండానే ఒకటి జరిగింది. పల్లవి నాది కాకుండా పోయింది. ఒంటరిగా పాడుకున్నా చరణం నేను పాడి, పల్లవి దగ్గర వాళ్ల కోసం ఊరికే ఆగి, తర్వాతి చరణానికి వెళ్లిపోయేదాన్ని.

పరీక్ష రోజు వచ్చింది. అంతమంది పిల్లల మధ్య బెంచీ మీద కూర్చోవడం నాకు మామూలు సంగతి కాదు. ప్రశ్నపత్రం కళ్లకద్దుకుని తెరిచాను. సమాకలనం లెక్కలు ఏడు ఉన్నాయి. మొదటిదానికే పదకొండో చరణం కావాలి. మనసులో ఎత్తుకున్నాను. మనసులోనే అనుకున్నాను గానీ, పుట్టి బుద్ధెరిగాక హారతి మనసులో పాడి ఎరగని దాన్ని. పెదవులు కదిలాయి, తర్వాత గొంతు కదిలింది, ఆ తర్వాత కాలు తాళం వేసింది. ముందు బెంచీ అమ్మాయి తల ఊపడం మొదలుపెట్టింది. కళ్లజోడు పెట్టుకున్న మేడమ్ ఒకావిడ వచ్చి నా పక్కన నిలబడ్డారు.

“ఏం చేస్తున్నావు?” హిందీలో అడిగారు.

“పాడుకుంటున్నాను మేడమ్.”

“ఎవరికి? ఆ ముందు అమ్మాయికా?”

కాదని చెప్పాలంటే పాట ఆపాలి. నేనింకా ఏడో చరణంలోనే ఉన్నాను. చెయ్యి పైకెత్తి, ఒక్క నిమిషం ఆగమని సైగ చేశాను. (పరీక్ష హాల్లో మేడమ్‌కి అలా సైగ చెయ్యకూడదని నాకెవరు చెబుతారు? మా ఇంట్లో హారతి అవుతుంటే ఫోన్ చేసినవాళ్లు కూడా ఆగేవారు.) ఆవిడ ఆగలేదు. నా జవాబు పత్రం చటుక్కున తీసుకుని, నన్ను వరండాలోకి నడిపించారు. ఆ కాగితాలు ఆవిడ చంకలో ఉన్నాయి. నా డిగ్రీ అక్కడుంది, అమ్మ కుక్కర్ ఈలల మధ్య గుసగుసలన్నీ అక్కడున్నాయి.

పరీక్షల బాధ్యత చూసే పెద్ద సారు వచ్చారు. నెరిసిన జుట్టు, మెత్తని మాట. మేడమ్ చెప్పిందంతా విని, “ఏ పాటమ్మా? పాడు చూద్దాం” అని ఆయనా హిందీలోనే అన్నారు. పాడటం తప్ప నన్ను నేను కాపాడుకునే దారి తెలియలేదు. చేతులు జోడించి, కళ్లు మూసుకుని, మొదటి నుంచి ఎత్తుకున్నాను. మొదటి చరణానికి పల్లవి నేనే పాడాను. రెండో చరణం చివర, అలవాటు ప్రకారం ఆగానో లేదో, వెనక నుంచి ఒక ఆడగొంతు ‘ప్లస్ సీ అనవే తల్లీ, ప్లస్ సీ అనవే’ అని అందుకుంది. కళ్లు తెరిచాను. వరండా తుడిచే ఆవిడ మాప్ కర్ర గోడకానించి, కొంగు భుజం మీదుగా కప్పుకుని, దణ్ణం పెట్టి నిలబడి ఉంది. మేడమ్ ఏదో అనబోయారు. ఆవిడ వచ్చీరాని హిందీలో, “సార్, ఇది మా గోదారి వైపు హారతి వరస. మధ్యలో ఆపించకండి సార్, మంచిది కాదు” అని, నా వైపు తిరిగి తెలుగులో, “నువ్వు పాడమ్మా, నేనున్నాగా” అంది.

పాడాను. ఇరవై చరణాలూ. ఆవిడ పల్లవి ఒక్కసారి కూడా తప్పలేదు. అయ్యాక, చెబితే మీరు నవ్వుతారు, అలవాటుగా ఉన్నచోటే మూడుసార్లు చుట్టూ తిరిగి, పెద్ద సారుకే దణ్ణం పెట్టాను. పాట తెలుగైనా ఎక్సులూ సైనులూ ప్లస్ సీలూ ఆయనకు అందాయి. “ఈ పిల్ల కాపీ కొట్టలేదు మేడమ్. అంతా తన తలలోనే ఉంది. కాకపోతే తాళం కొంచెం పైకొచ్చింది” అన్నారు. పత్రం నా చేతికిచ్చి, వెనక మూల, రొద చేసే ఏసీ కింద కూర్చోబెట్టారు. “పెదాలు మూసుకో తల్లీ. పోయిన టైము మాత్రం ఇవ్వలేను.”

పావుగంట పోయింది. కానీ పాట అప్పుడే పూర్తిగా పాడి రావడంతో ఇరవై సూత్రాలూ కళ్లముందు దీపాల్లా వెలుగుతున్నాయి. చిత్తు పనికి ఇచ్చిన పేజీ మీద గబగబా వరసగా రాసేసుకున్నాను. ఇక పాడే అవసరమే రాలేదు. ఏడు లెక్కలూ చేసి, మిగతావీ చేయగలిగినంత చేసి, చివరి ఐదు నిమిషాల్లో అమ్మవారిని తలుచుకుని పెన్ను మూత పెట్టాను. అప్పుడు తలుపు అవతల నుంచి, మాప్ నేల మీద జారుతున్న చప్పుడుతో కలిసి, సన్నగా వినిపించింది. ఆవిడ తనలో తాను కూనిరాగం తీస్తోంది. ‘ప్లస్ సీ అనవే తల్లీ, ప్లస్ సీ అనవే.’

పత్రం తిరగేశాను. ఏడు జవాబుల్లో ఒక్కదానికీ ప్లస్ సీ లేదు. చరణాలు రాసుకున్నాను గానీ, పల్లవి వాళ్లకే వదిలేశాను. పెన్ను మూత తీసి ఏడుచోట్లా రాసేసరికి గంట మోగింది.

బయటికొచ్చాను గానీ గేటు దాకా కూడా నడవలేకపోయాను. అది నాకు గుర్తొచ్చిందా, ఎవరో చెబితే రాశానా? చెబితే మళ్లీ పత్రం తీసుకుంటారేమో, చెప్పకపోతే సాయంత్రం ఏ మొహంతో దీపం పెట్టను? వెనక్కి వెళ్లి పెద్ద సారుకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

“నేను కూడా లెక్కల మాస్టారినేనమ్మా. ఆ ప్లస్ సీ కోసం ముప్పై ఏళ్లు బోర్డు ముందు గొంతు చించుకున్నాను. ఒక్కడికీ ఎక్కలేదు. ఆవిడకి ఒక్క పూటలో ఎక్కింది.” నవ్వారు. “వరండాలో పాట ఆపించాల్సింది నేను. ఆపించలేదు, అది నా తప్పు. నీ పత్రం కట్టలో కట్టేశాం, వెళ్లు.”

ఆవిడ కోసం వరండా అంతా వెతికాను. మేడ మీద దొరికింది. చెయ్యి పట్టుకుంటే, “తడి నేల, చూసి నడవ్వే అమ్మా” అంది, అంతే.

ఫలితాలు వచ్చాయి. పాసు మార్కు కంటే మూడు మార్కులు ఎక్కువ. ఏడు ప్లస్ సీలకు, అర మార్కు చొప్పున, మూడున్నర. అవి లేకపోతే అర మార్కుతో తప్పేదాన్ని. నాన్న ఆ కాగితం క్యాంపుకి తీసుకెళ్లి అందరికీ చూపించారు. నేను డిగ్రీ కట్టాను. నా చదువులో ఆ అర మార్కు భాగం ఆవిడదని దేవుడికి రోజూ చెబుతూనే ఉంటాను.

డిగ్రీలోనే తెలిసింది, ఆ ఇరవై సూత్రాల్లో ఒక్కటీ ఎందుకు అలా ఉంటుందో నాకు తెలియదని. కూర్చుని, ఒక్కొక్కటీ రుజువు చేసుకుంటూ, మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఇప్పుడు అప్పటి నేనే, ఆ పద్దెనిమిదేళ్ల పిల్లగా, మా హాల్లోకి ట్యూషన్‌కి వస్తే, “ఇది లెక్కలు కాదమ్మా, భజన. ఏదీ, ఈ సూత్రం ఎలా వచ్చిందో చెప్పు” అని గట్టిగానే అడుగుతాను. ఆ పిల్లకి జవాబు రాదు. సిగ్గుపడదు కూడా. హారతి మొదటి నుంచి ఎత్తుకుని, ఒక్క నిమిషం ఆగమని నాకు చేత్తో సైగ చేస్తుంది. నేను టీచర్‌ని కదా, ఆగకూడదు. కానీ ఆగుతాను.